రెండు రోజుల ఓరుగల్లు: చెరువు వెంట వెళ్తే అన్నీ దొరుకుతాయి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కార్తీకంలో ఒక శని, ఆదివారం. ఉప్పల్ నుంచి సొంత కారు. మీరిద్దరూ, బొమ్మలంటే ప్రాణం పెట్టే పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. మంచి తిండి, శిల్పం, కాస్త పచ్చదనం కావాలన్నారు. కింద పద్నాలుగు చోట్ల జాబితా పెట్టి, ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోతాయా అని అడిగారు.

అవ్వవు తమ్ముడూ. అయినా మీకు మిగిలేది కారు సీటు, ఫోన్‌లో ఫోటోలు, అమ్మగారికి వాచిన కాళ్లు. నేను హన్మకొండలో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను. స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్లడం, హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలను తిప్పడం ఎప్పుడూ నా పనే. ఆ అనుభవంతో మీ జాబితాలోంచి ముందు కొన్ని కొట్టేస్తాను.

బొగత జలపాతం తీసేయండి. అది వాజేడు మండలంలో ఉంది. హన్మకొండ నుంచి పోను రాను ఒక రోజు పూర్తిగా దానికే పోతుంది. ఎలగందుల కోట కరీంనగర్ వైపు, మీరు వెళ్లే దారికి పూర్తిగా పక్కన. పాండవుల గుట్ట అద్భుతమైన చోటు, రాతి మీద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. కానీ అక్కడ రాళ్లెక్కాలి, అమ్మగారితో కుదరదు. దారిలోనే కదా అని యాదగిరిగుట్ట కూడా రాశారు. కార్తీకంలో, అదీ శనివారం, దర్శనానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. దానికి వేరే రోజు పెట్టుకోండి, హైదరాబాద్‌కు దగ్గరే. లక్నవరం సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే దాన్ని తీసేయడానికి నాకూ మనసొప్పడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు తిండి, కళ, ప్రకృతి అని మూడు గడులు గీసి, ఒక్కోదానికి నాలుగైదు చోట్లు నింపారు. ఓరుగల్లులో ఆ మూడూ విడివిడిగా ఉండవు. కాకతీయుల కాలంలో చెరువు, గుడి, ఊరు కలిసి పుట్టేవి. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు, ఆ పక్కనే రెండు గుట్టల మధ్య కట్ట పోసిన చెరువు ఉంది. పాకాల చెరువు కూడా గణపతిదేవుని కాలానిదే. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఆ వడ్ల బియ్యంతోనే సర్వపిండి వత్తుతారు, సకినాలు చుడతారు. ఆ నీళ్లలో పట్టిన కొర్రమట్టే మీ కంచంలోకి వస్తుంది. అందుకని గడులు చెరిపేసి, నీటి వెంట వెళ్లండి. మిగతా రెండూ అక్కడే ఉంటాయి.

శనివారం ఆరింటికల్లా ఉప్పల్ దాటండి. భువనగిరి, ఆలేరు మీదుగా వస్తే జనగామకు కొంచెం ముందు పెంబర్తి వస్తుంది. టిఫిన్ దారిలో కానిచ్చి, తొమ్మిదింటి ప్రాంతంలో అక్కడ ఆగండి. రోడ్డు పక్కనే ఇత్తడి సామాను దుకాణాలు కనిపిస్తాయి. కొనకపోయినా ఫర్వాలేదు, పని చేసే చోటుకు తీసుకెళ్లమని అడగండి. పలచని ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు. లక్కతో చేసిన గట్టి దిమ్మ మీద దాన్ని అతికించి, చిన్న ఉలితో, సుత్తెతో వెనకనుంచీ ముందునుంచీ కొడుతూ బొమ్మ లేపుతారు. లక్క కింద మెత్తగా లొంగుతుంది కాబట్టే రేకు చిరగకుండా పొంగుతుంది. ధ్వజస్తంభాలకు తొడుగులు, దేవుడి వెనక పెట్టే మకర తోరణాలు, సన్మానాల్లో ఇచ్చే కాకతీయ తోరణం జ్ఞాపికలు ఇలాగే తయారవుతాయి. పాపను ఆ దెబ్బల చప్పుడు వినమనండి. గీత గీసేటప్పుడు ఒకలా, గుంట చేసేటప్పుడు ఒకలా వస్తుంది. అరగంట, ముప్పావుగంట చాలు.

పదిన్నరకు హన్మకొండ చేరుకుంటారు. గదిలో సామాను పడేసి నేరుగా వేయిస్తంభాల గుడికి వెళ్లండి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు, మధ్యలో అందరికీ ఒకటే రంగమండపం. వేయి స్తంభాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి, ప్రతి ఒక్కరూ అదే చేసి అసలు స్తంభాన్ని చూడకుండా వెళ్లిపోతారు. ఒక్క స్తంభం దగ్గర నిలబడి మీ ముఖం అందులో కనిపిస్తుందేమో చూడండి. నల్లరాయిని అద్దంలా నునుపు చేశారు. కింద చదరంగా మొదలై, పైకి పోయేకొద్దీ గుండ్రంగా, అంచులు కత్తి పెట్టి కోసినంత పదునుగా ఉంటాయి. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని రాయి రాయీ విప్పదీసి మళ్లీ నిలబెట్టారు. మేము ఏళ్ల తరబడి ఆ రాళ్లను కుప్పలుగా చూస్తూ బతికాం. 2024లో మండపం మళ్లీ తెరుచుకున్న తర్వాత మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మగారు ఆ మండపంలో కాసేపు కూర్చోవచ్చు, రాయి చల్లగా ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం హన్మకొండలోనే చేయండి. హోటల్ పేర్లు నేను చెప్పను. ఈ ఏడాది బాగున్నది వచ్చే ఏడాదికి వంటమనిషి మారితే మారిపోతుంది. ఏం అడగాలో చెబుతాను. పెద్ద రెస్టారెంట్లలో దొరికే పనీర్ కూరలు, నూడుల్స్ మీకు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇక్కడ మెస్ లాంటి చిన్న భోజన హోటల్ చూసుకోండి. పచ్చిపులుసు ఉందా అని అడగండి. పొయ్యి మీద పెట్టని పులుసు అది. చింతపండు పిసికి, అందులో పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన మిరపకాయ, కొత్తిమీర, కొందరిళ్లలో నువ్వుల పొడి వేస్తారు. ముద్దపప్పు అన్నంలో ఆ పులుసు పోసుకుంటే అమ్మగారు తప్పకుండా రెండోసారి వడ్డించుకుంటారు. మాంసం తినేవాళ్లయితే తలకాయ కూర, బోటి అడగండి. అవి శనివారం కంటే ఆదివారం ఎక్కువగా దొరుకుతాయి. కార్తీకం పాటించేవాళ్లయితే ఆ మాట వదిలేయండి.

ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా పడుకోండి. ఇది సలహా కాదు, షరతు అనుకోండి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ప్రయాణంలో మధ్యాహ్నం నిద్ర లేకపోతే సాయంత్రం ఎవరికీ ఏదీ కనిపించదు.

మూడింటికి వరంగల్ కొత్తవాడ వెళ్లండి. హన్మకొండ, వరంగల్, కాజీపేట ఇప్పుడు కలిసిపోయినా, మనుషులు ఇంకా మూడు ఊళ్లుగానే మాట్లాడతారు. దారి అడిగేటప్పుడు ఏ ఊరో చెప్పండి. కొత్తవాడ నేతగాళ్ల వాడ. వరంగల్ దరీలు అని మీరు విన్నవి ఇక్కడ నేసినవే. వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మేమైతే జంపఖానాలు, షత్రంజీలు అంటాం. మా చిన్నప్పుడు పెళ్లి అంటే ఇంటి ముందు పరిచిన నీలం, ఎరుపు చారల షత్రంజీయే. మగ్గం మీద నేసే ఇళ్లు మునుపటంత లేవు. సంఘం దుకాణంలో అడిగితే ఎవరింట్లో మగ్గం ఆడుతోందో చెబుతారు. వెళ్లినప్పుడు వాళ్ల పని ఆపించి ఫోటోలకు నిలబెట్టకండి, ఒక పక్కన నిలబడి చూడండి. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి కాళ్లు కింద తొక్కుతుంటే, చేతులు పైన పోగు తోస్తుంటాయి. తర్వాత పంజా అనే దువ్వెన లాంటి పనిముట్టుతో కొట్టి ఒక్కో వరుసా బిగిస్తారు. ఆ దెబ్బ ఎంత బలంగా పడితే దరీ అంత కాలం మన్నుతుంది. కొనాలనుకుంటే చేతిలో పట్టుకుని బరువు చూడండి. మూల మడిచి వదలండి, బిగువుగా నేసింది వెంటనే తిరిగి చాపలా పడుకుంటుంది. బేరం ఎక్కువ ఆడకండి. అది వాళ్ల రోజుల పని.

అక్కడి నుంచి కోట దగ్గరే. నాలుగుంబావుకల్లా చేరుకునేలా చూసుకోండి, ఎందుకంటే కార్తీకంలో ఐదున్నర దాటితే వెలుగు పోతుంది. లోపలికి వెళ్లే రోడ్డు గమనించండి. దర్వాజా దగ్గర తిన్నగా వెళ్లదు, మలుపు తిరిగి మళ్లీ మలుపు తిరుగుతుంది. శత్రు సైన్యం ఒక్క ఊపున దూసుకు రాకుండా అలా కట్టారు. బయట మట్టికోట, లోపల రాతికోట, వాటి మధ్య ఈనాటికీ జనం కాపురముంటున్నారు, పొలాలు దున్నుతున్నారు. పిల్లలు బురుజుల పక్కన క్రికెట్ ఆడుతుంటారు. నాకు ఆ కోటలో బాగా నచ్చేది అదే.

మధ్యలో స్వయంభూ దేవాలయం ఉన్న చోటు. గుడి 1323లో తుగ్లక్ సైన్యం కోటను గెలిచిన తర్వాత కూలిపోయింది. చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలబడ్డాయి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో చూసే తోరణం ఇదే. పాపకు పుస్తకం, పెన్సిల్ ఇచ్చి ఒక తోరణానికి ఎదురుగా కూర్చోబెట్టండి. చుట్టూ తిప్పకండి. పైన అడ్డదూలం మీద రెండు కొసలా హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు గీయమనండి. సూర్యుడు వాలేకొద్దీ చెక్కడం లోతు తేలుతుంది. మధ్యాహ్నం చదునుగా కనిపించిన రాయి సాయంత్రం ఐదింటికి బొమ్మలతో నిండిపోతుంది. అంతలో మీరు నేల మీద పడి ఉన్న ముక్కల మధ్య తిరగండి. ఒక దూలం మీద ఏనుగు, ఒక రాతి మీద సగం నాట్యగత్తె, పక్కనే విరిగిన జాలీ కనిపిస్తాయి. దగ్గర్లో ఖుష్ మహల్ ఉంది, లోపలికి వాలినట్టున్న దాని మందపాటి గోడలు ఒక్కసారి చూసి వచ్చేయండి. ఏకశిల గుట్ట ఎక్కడానికి మెట్లున్నాయి, మీలో ఒకరు పాపతో ఎక్కితే మరొకరు అమ్మగారితో కింద ఉండండి. ఓరుగల్లు అనే పేరు ఆ ఒంటిరాయి నుంచే వచ్చింది.

చీకటి పడ్డాక భద్రకాళి గుడికి వెళ్లండి. అమ్మగారు ఎలాగూ అడుగుతారు. దర్శనం అయ్యాక చెరువు కట్ట మీద కాసేపు నడవవచ్చు, అమ్మగారు బెంచీ మీద కూర్చోవచ్చు. ఊరి నడిబొడ్డున ఇంత నీరు, చుట్టూ గుట్టలు ఉన్న నగరాలు మనకు ఎక్కువ లేవు.

రాత్రికి జొన్నరొట్టె. సాయంత్రమైతే హన్మకొండ రోడ్ల పక్కన పొయ్యిలు పెట్టుకుని ఆడవాళ్లు రొట్టెలు చేస్తుంటారు. పీట మీద పిండి చల్లి, ముద్దను అరచేత్తో తట్టుకుంటూ తిప్పుతుంటే, రొట్టె దానంతట అదే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు రాసి, తిప్పి, చివర్లో నిప్పు మీద పొంగిస్తారు. పొంగిన రొట్టెను అక్కడే నిలబడి తినండి. పార్సిల్ కట్టించి గదికి తెస్తే ఆవిరికి మెత్తబడి సగం రుచి పోతుంది. పక్కన పప్పు, ఏదో ఒక కాయగూర ఇస్తారు. నాటుకోడి కావాలంటే దానికి వేరే హోటళ్లు ఉన్నాయి, ఉడకడానికి టైమ్ పడుతుంది కాబట్టి ముందే చెప్పి పెట్టండి. ఈ ప్రయాణం రంజాన్ నెలలో పెట్టుకుని ఉంటే మండిబజారుకు హలీంకు పంపేదాన్ని. అది ఇంకోసారి.

పడుకునే ముందు ఒక పని. రేపటికి సర్వపిండి చెప్పి పెట్టండి. పిండివంటల దుకాణాల్లో, కర్రీ పాయింట్లలో అడిగితే పొద్దున చేసి ఇస్తారు. చాలామంది దీన్ని కారం రొట్టె అనుకుని చల్లారింది కొని నిరాశపడతారు. మంచి సర్వపిండి ఎలా ఉండాలో చెబుతాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, దంచిన ఎల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి, గుండ్రటి అడుగున్న సర్వ అనే గిన్నెలో లోపలి గోడకంతా పలచగా వత్తుతారు. వేలితో అక్కడక్కడా గుంటలు పొడిచి, ఒక్కో గుంటలో నూనె చుక్క వేస్తారు. మూతపెట్టి సన్నమంట మీద, సర్వను కొంచెం కొంచెం తిప్పుతూ కాలుస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉండాలి. రెండువైపులా గట్టిగా ఉంటే అది నిన్నటిది. కరీంనగర్ వైపు దీన్నే సర్వప్ప, గిన్నప్ప అని కూడా అంటారు.

ఆదివారం పొద్దున ఆరింటికి ముందే బయలుదేరండి. మీరు నా మాట ఒక్కటి వింటే చాలనుకుంటే, ఈ ఒక్కటి వినండి. నేను టీచర్‌గా చేరిన కొత్తల్లో పిల్లల్ని ఏప్రిల్ నెలలో రామప్పకు తీసుకెళ్లాను. బస్సు ఆలస్యమై ఒంటిగంటకు దిగాం. గుడి చుట్టూ ఉన్న రాతి అరుగు మీదికి చెప్పులు లేకుండా ఎక్కాలి. నలభైమంది పిల్లలు కాళ్లు కాలి ఎగురుతూ నీడలోకి పరుగెత్తారు. ఒక్క శిల్పం కూడా ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా సూర్యుడితో పాటు అక్కడ ఉన్నాను. కార్తీకంలో రాయి కాలదు, కానీ పొద్దెక్కితే జనం నిండుతారు. వనభోజనాల నెల కదా.

ములుగు రోడ్డు పట్టుకుని ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి దాటాలి. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర మేడారం వెళ్లేవాళ్లంతా ఆగి మొక్కుతారు, మీరూ ఆగండి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట. మొత్తం డెబ్బై కిలోమీటర్ల లోపే, గంటన్నర చాలు. ఒక జాగ్రత్త. కార్తీకమంటే వరికోతలు. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. మసక వెలుగులో అవి కనిపించవు. నెమ్మదిగా నడపండి.

రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. అందుకే పొద్దున వెళ్లమంటున్నాను. ఎర్రని ఇసుకరాతి గోడ మీద మొదటి ఎండ పడినప్పుడు గుడి మొత్తం వెలిగినట్టుంటుంది. ఆ ఎరుపులోంచి నల్లరాతి మదనికలు బయటికి వంగి కనిపిస్తాయి. స్తంభం మీద నుంచి చూరుకు ఏటవాలుగా నిలిపిన ఆడబొమ్మలు అవి, పన్నెండు. ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది, పాపకు ఆమెను వెతికే పని ఇవ్వండి. మెడలో హారం, దాని నీడ, ఆ నీడ పడ్డ చర్మం మెత్తదనం, అంతా ఒకే నల్లరాయిలో చెక్కారు. నడుము దగ్గర ముడి వేసిన బట్ట మడతలు చూడండి. గుడికి శిల్పి పేరే నిలిచిందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఒక డ్రాయింగ్ టీచర్‌కు అంతకంటే గర్వపడే మాట లేదు.

కింద పీఠం చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది. ఏ రెండు ఒకేలా ఉన్నాయో వెతకమని నా పిల్లలకు చెప్పేదాన్ని, గంట గడిచిపోయేది. లోపల రంగమండపం స్తంభాల మీద, గర్భగుడి ద్వారం పక్కన నాట్యగత్తెలు, మద్దెల వాయించేవాళ్లు ఉంటారు. గణపతిదేవుని గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథాన్ని, ఈ బొమ్మల భంగిమలను పక్కపక్కన పెట్టుకునే నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు మరుగునపడ్డ పేరిణి నాట్యాన్ని మళ్లీ లేపారు. రాతిలో నిలిచిపోయిన అడుగు ఏడు వందల ఏళ్ల తర్వాత మనిషి కాలి కిందికి వచ్చిందన్నమాట. కృష్ణుడు చెట్టెక్కి వేణువూదే చిన్న చెక్కడాన్ని తడితే స్వరం పలుకుతుందని గైడ్లు చెబుతారు. దయచేసి తట్టకండి, వేలమంది వేళ్లు పడి రాయి అరుగుతోంది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి, పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడి నిలిపారు. ఇవి గైడ్ వివరంగా చెబుతాడు, స్థానిక గైడ్‌ను తప్పక పెట్టుకోండి. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక మా వైపు ఊళ్లలో చాలామంది పిల్లలు ఈ పని నేర్చుకున్నారు.

బయటికి వచ్చేముందు నంది దగ్గర కూర్చోండి. చెవులు రిక్కించి, ఇప్పుడో ఇంకాసేపటికో లేచేలా ఉంటుంది. మెడలో గంటల పట్టీ ఒక్కో గంటా విడిగా చెక్కారు. అమ్మగారికి అరుగు మెట్లు కొంచెం ఎత్తుగా ఉంటాయి, ఒకరు చేయి పట్టుకోండి. పైకి ఎక్కలేకపోయినా నంది, ఏనుగుల వరుస, మదనికలు కింది నుంచే కనిపిస్తాయి.

గుడి నుంచి చెరువు కిలోమీటరు దూరం. తొమ్మిదిన్నర ప్రాంతంలో కట్ట మీదికి వెళ్లి, చెట్టు నీడ చూసుకుని దుప్పటి పరవండి. నిన్న కొత్తవాడలో షత్రంజీ కొని ఉంటే దాన్నే పరవండి. సర్వపిండి, ఇంటి నుంచి తెచ్చిన పెరుగు, దారిలో కొన్న సీతాఫలాలు చాలు. ఉసిరి చెట్టు దొరికితే అమ్మగారి కార్తీక వనభోజనం కూడా అయిపోయినట్టే. వానాకాలం నీళ్లతో చెరువు నిండుగా ఉంటుంది. గుట్టల నీడ నీళ్లలో పడుతుంది, కొంగలు, నీటికాకులు తిరుగుతుంటాయి. కట్టకు అవతల తూము నుంచి కాలువ వెళ్లే వైపు కూడా ఒకసారి చూపించండి. గుడి, నీళ్లు, పొలం మూడూ ఒకే చూపులో పడతాయి. చేపల వేపుడు తినేవాళ్లుంటే చెరువుల దగ్గర బండ్ల మీద చేస్తారు. కొర్రమట్ట అయితే ముళ్లు తక్కువ, పాపకు పెట్టవచ్చు. కానీ కారం పట్టించి పెట్టిన ముక్కలు ఎప్పటివో అడిగి, మీ ముందే వేయించమనండి. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి, ప్లాస్టిక్ సీసాలు అక్కడ వదలకండి.

పదకొండింటికి వెనక్కి తిరగండి. హన్మకొండలో భోంచేసి, గది ఖాళీ చేసి, ఒకటిన్నరకు బయలుదేరితే మూడున్నరలోపు చేర్యాల. జనగామ దగ్గర హైదరాబాద్ రోడ్డు వదిలి సిద్దిపేట రోడ్డు పట్టాలి, అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్లు. మీ జాబితాలో ఇది లేదు. పాప కోసం నేను చేర్చాను.

చేర్యాల నకాశీ పటాలు పొడవాటి బట్ట మీద గీసిన కథలు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. బట్ట అప్పుడు తోలులా గట్టిపడుతుంది. దాని మీద ఎర్రటి నేపథ్యం, అడ్డంగా గడులు, గడుల మధ్య పూల అంచు. ఇప్పటి పిల్లలకు కామిక్స్ ఎలాగో అప్పటి ఊళ్లకు ఇవి అలాగ. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడి చెప్పే కళాకారులు వేరే ఉండేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివాళ్లకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. రాత్రంతా పటం విప్పుతూ, దీపం వెలుగులో ఒక్కో గడి చూపిస్తూ కథ చెప్పేవారు. మా అమ్మమ్మ ఊళ్లో నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. కథ ఏమిటో మరిచిపోయాను, ఆ ఎరుపు మాత్రం ఇప్పటికీ కళ్లలో ఉంది. నేను డ్రాయింగ్ టీచర్ కావడానికి ఆ ఎరుపే కారణం.

ఇప్పుడు ఆ పని చేసే కుటుంబాలు చాలా తక్కువ. కథ చెప్పేవాళ్లు పటాలు చేయించుకోవడం తగ్గాక, గోడకు తగిలించే చిన్న బొమ్మలు, రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసే ముసుగులు, కీచైన్లు చేసి నిలదొక్కుకున్నారు. ముందే ఫోన్ చేసి, బొమ్మలు వేసే పాప వస్తోందని చెప్పండి. కూర్చోబెట్టి కుంచె పట్టుకోవడం చూపిస్తారు. పాపను ఒక్కటే అడగమనండి, కళ్లు ఎప్పుడు గీస్తారని. ముఖాలన్నీ రంగులు నిండి, నగలు, బట్టలు పూర్తయి, కళ్లు మాత్రం లేకుండా ఉన్న పటాన్ని ఒకసారి నాకు చూపించారు. సన్నని కుంచెతో నల్లరంగు తీసుకుని ఆ చిత్రకారుడు బొమ్మల కళ్లు దిద్దుతుంటే గదిలో మాట్లాడేవాళ్లంతా ఆగిపోయారు. కొనేటప్పుడు రెండు గడులున్న చిన్న పటమైనా సరే, చేత్తో గీసిందే తీసుకోండి. అచ్చు వేసినవి కూడా బయట అమ్ముతున్నారు. అచ్చుదైతే గీత మందం అంతటా ఒకేలా ఉంటుంది, చేతిగీత మలుపు దగ్గర సన్నబడుతుంది.

ఐదింటికి బయలుదేరితే ఎనిమిదిలోపు ఇల్లు చేరుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవడానికి సకినాలు, కొంచెం చపాట మిరప పొడి. ఈ మిరపకాయ టమాటలా గుండ్రంగా ఉంటుంది, కారం తక్కువ, రంగు మాత్రం చిక్కని ఎరుపు. మా వైపు పంట, 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తకాయ ఎండాకాలం మొదట్లో వస్తుంది, మీరు వచ్చేసరికి నిరుటిది ఉంటుంది. పచ్చళ్లకు బాగుంటుంది.

ఇక లక్నవరం. గుట్టల మధ్య దాక్కున్న చెరువు, చిన్న చిన్న దీవులు, వాటికి వేలాడే వంతెనలు. రామప్ప నుంచి గంటలోపు దూరం. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే వంతెన మీద జనం తోసుకుంటూ ఉంటారు, అది ఊగుతుంటే అమ్మగారికి భయం, మీకు టెన్షన్. పైగా చేర్యాల పోతుంది. అందుకే రెండు రోజుల్లో వద్దన్నాను. సోమవారం కూడా సెలవు పెట్టగలిగితే అప్పుడు లెక్క మారుతుంది. ఆదివారం రామప్ప నుంచి నేరుగా చల్వాయి, బుస్సాపూర్ మీదుగా లక్నవరం వెళ్లి, రాత్రి చెరువు దగ్గర కాటేజీలో పడుకోండి. సాయంత్రం ఆరు దాటాక జనం వెళ్లిపోతారు. తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు లేస్తుంది, వంతెన మీద మీరు తప్ప ఎవరూ ఉండరు. సోమవారం తిరుగుదారిలో చేర్యాల చూసుకోవచ్చు.

కాటేజీ మాత్రం ముందే బుక్ చేయండి, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి మళ్లీ అడగండి. ఒకసారి మా చెల్లెలి కుటుంబంతో ఒక బసకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వెళ్తే, గది వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. రాత్రి ఎనిమిదింటికి చంటిపిల్లతో ములుగు దాకా వెనక్కి వచ్చాం. డబ్బు తర్వాత తిరిగి వచ్చింది కానీ ఆ రాత్రి రాలేదు. అప్పటి నుంచి రసీదు ఫోన్‌లో పెట్టుకోవడంతో పాటు, ఫోన్‌లో మాట్లాడిన మనిషి పేరు కూడా రాసుకుంటున్నాను. మీరూ రాసుకోండి. అమ్మగారికి కింది అంతస్తు గది, ఇంగ్లిష్ టాయిలెట్ ఉందో లేదో కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయండి.